స్కూల్ చెస్ టోర్నమెంట్‌కు మొదటిసారి వెళ్తున్నవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇవి ఎక్కువగా మన ఊళ్లలో ఆదివారాలు జరిగే ఒకరోజు ర్యాపిడ్ (త్వరగా ముగిసే ఆటల) పోటీలను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులు. జిల్లా, రాష్ట్ర సెలెక్షన్లకు తేడా ఉన్నచోట విడిగా చెప్పాం. ఆట నియమాలకు 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) నియమావళే ఆధారం. పిల్లలు పాయింట్లు పోగొట్టుకునేది ఎత్తు తోచకే కాదు. క్లాక్ ఎప్పుడు నొక్కాలో, చెయ్యి ఎప్పుడు ఎత్తాలో తెలియక పోయేవీ చాలానే ఉంటాయి. అందుకే ఆ ప్రశ్నలకు జవాబులు పొడుగ్గా ఉన్నాయి.

మా బాబుకు పావులు కదపడం వచ్చు. టోర్నమెంట్‌కు అది చాలా?

దాదాపు చాలు. క్యాస్లింగ్ (రాజును, ఏనుగును ఒకే ఎత్తులో జరపడం), ఎన్ పాసాంట్ (రెండు గళ్లు దూకిన బంటును పక్కనున్న బంటు చంపడం), బంటు చివరి గడికి చేరితే ఏం చేయాలి, మేట్‌కూ (చెక్ నుంచి రాజు తప్పించుకోలేకపోవడం) స్టేల్‌మేట్‌కూ (చెక్ లేకుండానే వేయడానికి ఎత్తు లేక డ్రా అవడం) తేడా ఏమిటి అన్నవి తడుముకోకుండా చెప్పగలగాలి. ఇంట్లో ఒక చిన్న పరీక్ష పెట్టండి: ఒకవైపు రాజు, మంత్రి, మరోవైపు ఒంటరి రాజు. రెండు నిమిషాల్లో మేట్ చేయగలిగితే పంపండి. అది రాకపోతే రెండు మంత్రులు ఎక్కువగా ఉన్న ఆటను కూడా స్టేల్‌మేట్ చేసుకుని అర పాయింటుతో బయటికొస్తాడు. చిన్న వయసు విభాగాల్లో ఇది ప్రతి రౌండ్‌లోనూ కనిపించే దృశ్యమే.

క్లాక్ పెట్టుకుని కనీసం పది గేములు ఆడించండి. ఫోన్‌లో ఆడే పిల్లలకు టైం దానంతట అదే మారిపోవడం అలవాటు. బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఎత్తు వేసి బటన్ నొక్కడం మరిచిపోతారు, వాళ్ల టైమే కరుగుతూ ఉంటుంది. ఎదుటివాడు గుర్తు చేయాలన్న నియమం లేదు.

పావుల పేర్లు తెలుగులో చెబితే సరిపోతుందా?

సరిపోతుంది. అయితే బిషప్‌ను ఒక ఇంట్లో శకటు అంటారు, మరో ఇంట్లో ఒంటె అంటారు. ఆర్బిటర్ (పోటీలో తీర్పు చెప్పే రిఫరీ)తో మాట్లాడేటప్పుడు బిషప్, రూక్, నైట్ అంటే గందరగోళం ఉండదు.

ఏ పోటీతో మొదలుపెట్టాలి?

అకాడమీలో, స్కూళ్లో నడిపే ఒకరోజు ఓపెన్ పోటీతో. ఫీజు కట్టి పేరు ఇస్తే చాలు. జిల్లా సెలెక్షన్లు, ఆపై రాష్ట్ర, జాతీయ పోటీలు వేరే దారి. అక్కడ ఆలిండియా చెస్ ఫెడరేషన్ రిజిస్ట్రేషన్ అడుగుతారు. జాతీయ స్కూల్స్ చెస్ పోటీల్లో అండర్-7, 9, 11, 13, 15, 17 విభాగాలు ఉంటాయి. ఓపెన్, గర్ల్స్ వేర్వేరుగా జరుగుతాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మూడో దారి. వాటికి స్కూలు పీఈటీ ద్వారానే పేరు వెళ్లాలి. అక్కడి విభాగాలు అండర్-14, 17, 19.

వయసు లెక్క దగ్గర చాలామంది పొరబడతారు. చెస్ ఫెడరేషన్ పోటీల్లో ఆ ఏడాది జనవరి 1 నాటి వయసు చూస్తారు. 2025లో అండర్-11 ఆడాలంటే 2014 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. స్కూల్ గేమ్స్ లెక్క దీనికి భిన్నంగా ఉంటుంది కాబట్టి ఆ ఏడాది సర్క్యులర్‌లో ఇచ్చిన పుట్టినతేదీనే చూడండి.

పాపను గర్ల్స్ విభాగంలో ఆడించాలా, ఓపెన్‌లోనా?

ఓపెన్ అంటే అబ్బాయిల విభాగం కాదు, అందరిదీ. ఒకరోజు పోటీల్లో ఓపెన్‌లోనే ఎక్కువమంది, రకరకాల బలమున్న ఆటగాళ్లు దొరుకుతారు కాబట్టి నేర్చుకోవడానికి అదే మేలు. సెలెక్షన్లలో మాత్రం గర్ల్స్ విభాగంలో స్థానం దక్కే అవకాశం వదులుకోవడం తెలివైన పని కాదు. 1999లో అహ్మదాబాద్‌లో జరిగిన ఆసియా యూత్ పోటీల్లో కోనేరు హంపి అబ్బాయిలతో కలిసి ఆడి అండర్-12 టైటిల్ గెలిచింది. కాబట్టి ‘అబ్బాయిలతోనా’ అని జంకాల్సిన పనిలేదు.

ప్రాస్పెక్టస్‌లో (పోటీ వివరాల కాగితం) ఏం చూడాలి?

ప్రైజ్ మనీ కన్నా ముందు టైం కంట్రోల్ చూడండి. 15+5 అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 5 సెకన్లు అదనం. ఆట 60 ఎత్తులు సాగిందనుకుంటే ఒక్కొక్కరికి 20 నిమిషాలు, మొత్తం 40 నిమిషాలు. ఆరు రౌండ్లంటే నాలుగు గంటల ఆట. రౌండ్ల మధ్య విరామాలు, భోజనం, ఆలస్యంగా మొదలవడం, బహుమతుల సభ అన్నీ కలిపితే పొద్దున 9 నుంచి సాయంత్రం 6 దాకా అనుకోండి. సెలెక్షన్లలో, రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) ఇచ్చే పోటీల్లో ఉండే 90+30లో ఇదే లెక్క వేస్తే ఒక్క గేమే నాలుగు గంటలు పట్టొచ్చు.

తర్వాత చూడాల్సింది డిఫాల్ట్ టైం, అంటే ఎంత ఆలస్యమైతే ఓడినట్టు లెక్క అన్నది. ప్రాస్పెక్టస్‌లో ఏమీ రాయకపోతే నియమం ప్రకారం అది సున్నా. రౌండ్ మొదలయ్యేసరికి కుర్చీలో ఉండాల్సిందే. బోర్డు, క్లాక్ మీరే తెచ్చుకోవాలా, టై-బ్రేక్ (సమాన పాయింట్లు వచ్చినవారిని వరుసపెట్టే లెక్క) ఏ వరుసలో చూస్తారు, ఒకరికి ఒకే బహుమతా అన్నవి కూడా అందులోనే ఉంటాయి. బహుమతుల వేదిక దగ్గర జరిగే గొడవలకు చాలావరకు కారణం ఈ కాగితం చదవకపోవడమే.

రిజిస్ట్రేషన్‌కు ఏ కాగితాలు కావాలి?

పుట్టినతేదీ సర్టిఫికెట్, ఆధార్, ఫొటో. స్కూల్ పోటీలైతే హెడ్‌మాస్టర్ సంతకం, ముద్ర ఉన్న బోనఫైడ్ కూడా. మూడింటిలోనూ పేరు ఒకేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక, ఇంకోచోట ఒక్క అక్షరంగా ఉండటం మన దగ్గర మామూలే. రేటింగ్ వచ్చాక పేరు సరిచేయించడం పెద్ద తిరుగుడు.

సంచిలో ఏం పెట్టాలి?

రెండు పెన్నులు, నీళ్ల సీసా, ఏసీ హాలైతే ఒక స్వెటర్, అరటిపండ్లు, బిస్కెట్లు. బోర్డు తీసుకెళ్లాల్సి వస్తే చుట్టి పెట్టుకునే రకం, రాజు సుమారు 9.5 సెంటీమీటర్ల ఎత్తున్న సెట్ తీసుకోండి. అయస్కాంతం సెట్లు పనికిరావు. డిజిటల్ క్లాక్‌లో 15+5 పెట్టడం ముందురోజే ఇంట్లో చేసి చూడండి. ఇంక్రిమెంట్‌కు (ఎత్తుకు కలిసే అదనపు టైం) బదులు డిలే మోడ్ (టైం కలపకుండా కాసేపు ఆగి కరిగేది) పెట్టేయడం తరచూ జరిగే తప్పు. ఎత్తు వేశాక టైం పెరగకపోతే అదేనని అర్థం.

మధ్యాహ్నం పప్పన్నం, వేపుడు, పెరుగుతో కడుపునిండా పెడితే నాలుగో రౌండ్‌లో కళ్లు మూతలు పడతాయి. ఆ పూటకు కొంచెం పెరుగన్నం చాలు, మిగతాది సాయంత్రం.

మొదటి రౌండ్‌లోనే రేటింగ్ ఉన్న పిల్లవాడు తగిలాడు. ఇది అన్యాయం కాదా?

కాదు, స్విస్ పద్ధతి నడిచేదే అలా. అందరినీ రేటింగ్ వరుసలో పెట్టి, జాబితాను సగానికి కోసి, పై సగంలో మొదటివారికి కింది సగంలో మొదటివారిని జతచేస్తారు. 128 మంది ఉంటే 1వ నంబరుకు 65వ నంబరు, 2కు 66. రేటింగ్ లేనివారిని మామూలుగా ఇంగ్లిష్ అక్షరక్రమంలో సర్దుతారు కాబట్టి మీ బాబు స్థానం పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి వచ్చి ఉండొచ్చు. రెండో రౌండ్ నుంచి సమాన పాయింట్లున్నవారితో ఆట పడుతుంది. ఓడినవారెవరూ ఇంటికి వెళ్లరు, అన్ని రౌండ్లూ ఆడతారు. ఒకరితో రెండోసారి పడదు.

పెయిరింగ్‌లు (ఎవరికి ఎవరు అన్న జతలు) సాధారణంగా స్విస్-మేనేజర్ సాఫ్ట్‌వేర్ వేస్తుంది, చెస్-రిజల్ట్స్ సైట్‌లో కనిపిస్తాయి. ఆర్బిటర్‌తో వాదించి మార్పించుకునేవి కావు. కానీ ఫలితం తప్పుగా ఎక్కిందేమో ప్రతి రౌండ్ తర్వాతా చూసుకోండి. తర్వాతి పెయిరింగ్ పడ్డాక చెబితే సరిదిద్దడం కష్టమవుతుంది.

‘బై’ అంటే?

ఆటగాళ్ల సంఖ్య బేసి అయినప్పుడు ఒకరికి ప్రత్యర్థి ఉండరు. వారికి ఆడకుండానే మామూలుగా 1 పాయింటు వస్తుంది. ఒకరికి రెండుసార్లు ఇవ్వరు. మధ్యలో వెళ్లిపోవాలనుకుంటే ఆర్బిటర్‌కు చెప్పి వెళ్లండి. చెప్పకుండా పోతే ఎదుటి పిల్లవాడు ఖాళీ కుర్చీ ముందు కూర్చుంటాడు.

కూర్చున్న వెంటనే ఏం చూసుకోవాలి?

బోర్డు నంబరు, రంగు, ఎదుటివారి పేరు. కుడిచేతి వైపు మూల గడి తెల్లదై ఉండాలి. తెల్ల మంత్రి తెల్ల గడిలో, నల్ల మంత్రి నల్ల గడిలో ఉండాలి. రాజు, మంత్రి తారుమారైన సంగతి ర్యాపిడ్‌లో ఇద్దరూ పదేసి ఎత్తులు వేశాక బయటపడితే ఫిర్యాదు చెల్లదు, ఆట అలాగే సాగుతుంది. క్లాక్‌లో రెండువైపులా ఒకే టైం ఉందా అన్నది కూడా అప్పుడే చూడాలి.

టచ్ మూవ్ నియమం సరిగ్గా ఏమిటి?

తన వంతులో తన పావును కావాలని ముట్టుకుంటే, దానికి సరైన ఎత్తు ఏదైనా ఉంటే, దానితోనే ఆడాలి. ఎదుటివారి పావును ముట్టుకుంటే, చంపే వీలుంటే చంపాలి. మోచెయ్యి తగిలి పడితే అది టచ్ కాదు. పావు గడిలో వంకరగా ఉంటే ముట్టుకునే ముందే ‘అడ్జస్ట్’ అనాలి. ముట్టుకున్నాక అంటే లెక్కలోకి రాదు. అది కూడా తన వంతులోనే చేయాలి.

క్యాస్లింగ్ దగ్గర చాలామంది చిక్కుకుంటారు. ముందు రాజును పట్టుకుని రెండు గళ్లు జరపాలి, తర్వాత అదే చేత్తో ఏనుగును తేవాలి. ముందు ఏనుగును ముట్టుకుని తర్వాత రాజును పట్టుకుంటే ఆ ఎత్తులో అటువైపు క్యాస్లింగ్ కుదరదు. రెండు చేతులతో రెండింటినీ ఒకేసారి జరిపి క్లాక్ నొక్కితే అది ఇల్లీగల్ మూవ్ (నియమానికి విరుద్ధమైన ఎత్తు).

ఎదుటివాడు గుర్రాన్ని ముట్టుకుని, వదిలేసి బంటు జరిపాడనుకోండి. మీ పాప అప్పుడే, తన పావును ముట్టుకోకముందే, క్లాక్ ఆపి చెయ్యి ఎత్తాలి. తను ఏదైనా పావును కావాలని తాకిందంటే ఫిర్యాదు చేసే హక్కు పోయినట్టే. ఎదుటివాడు ‘నేను ముట్టుకోలేదు’ అంటే, చూసినవారు లేకపోతే, ఆర్బిటర్ చాలాసార్లు ఆట కొనసాగించమనే అంటాడు. అది పక్షపాతం కాదు. ఆయన చూడని దాన్ని తేల్చే దారి ఆయనకు లేదు.

ఇల్లీగల్ మూవ్ చేస్తే ఏమవుతుంది?

క్లాక్ నొక్కే దాకా అది పూర్తయిన తప్పు కాదు. సరిదిద్దుకోవచ్చు, కాకపోతే ముట్టుకున్న పావుతోనే ఆడాలి. నొక్కాక, ర్యాపిడ్‌లోనైనా, క్లాసికల్‌లోనైనా (90+30 లాంటి పొడుగు ఆట) మొదటిసారికి ఎదుటివారికి 2 నిమిషాలు కలుపుతారు. అదే ఆటగాడు రెండోసారి చేస్తే ఓటమి. ఎదుటివారి దగ్గర ఏ విధంగానూ మేట్ చేయలేని పావులే మిగిలి ఉంటే మాత్రం డ్రా.

చెక్‌లో ఉన్న రాజును వదిలేసి ఇంకేదో ఆడటం చిన్నపిల్లల్లో అన్నిటికన్నా ఎక్కువ. ఎదుటివాడు ‘చెక్’ అని చెప్పలేదని ఏడుస్తారు. చెప్పాలన్న నియమమే లేదు. ఆడకుండా ఊరికే క్లాక్ నొక్కడం కూడా ఇల్లీగలే.

బంటును చివరి గడికి నెట్టి, దాని స్థానంలో వేరే పావు పెట్టకుండా క్లాక్ నొక్కితే అది కూడా అంతే: పెనాల్టీ పడుతుంది, బంటు స్థానంలో మంత్రి వస్తుంది. మంత్రి చేతికి అందకపోతే ఏనుగును తలకిందులుగా పెట్టే అలవాటు వీధి ఆటల్లో ఉంది. టోర్నమెంట్‌లో తలకిందులైనా అది ఏనుగే. చేయాల్సిన పని చిన్నది: క్లాక్ ఆపి, మంత్రి కావాలని ఆర్బిటర్‌ను అడగడం. అందుకు ఆపడానికి నియమం ఒప్పుకుంటుంది.

ర్యాపిడ్‌లో ఎదుటివాడి ఇల్లీగల్ మూవ్‌ను చూసీ చూడక మీ బాబు తన ఎత్తు వేసేస్తే, ఆర్బిటరూ ఆపకపోతే, ఆ తప్పు అలాగే నిలిచిపోతుంది. వెనక్కి వెళ్లడం ఉండదు.

ఎదుటివాడు ‘చెక్‌మేట్’ అని చెయ్యి చాచాడు. మా పాప చెయ్యి కలిపింది. తర్వాత చూస్తే అది మేట్ కాదు!

ఈ జవాబు పిల్లలకు రెండుసార్లు చదివి వినిపించండి. చెయ్యి కలిపి, ఫలితం ఒప్పుకుని, సంతకం పెట్టాక, అది తప్పయినా, ఆర్బిటర్ ప్రత్యేకంగా వేరేలా నిర్ణయిస్తే తప్ప, ఆ ఫలితమే నిలుస్తుంది. పావులు మళ్లీ సర్దేశాక ఆయన వేరేలా నిర్ణయించడానికి బోర్డు మీద ఆధారమే మిగలదు.

అవతలివాడు మేట్ అన్నప్పుడు పాప చేయాల్సింది ఇది: చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. రాజు పక్క గళ్లు ఒక్కొక్కటీ చూడాలి. చెక్ ఇస్తున్న పావును చంపొచ్చా, మధ్యలో ఏదైనా అడ్డం పెట్టొచ్చా అని చూడాలి. తేలకపోతే చెయ్యి ఎత్తాలి. ఆర్బిటర్ వచ్చేదాకా ఒక్క పావు కూడా కదలకూడదు. తన టైంలో రెండు నిమిషాలు ఖర్చైనా ఫరవాలేదు.

డ్రా అడిగినప్పుడు చెయ్యి చాచినా ఇదే చిక్కు. ఒకడు డ్రా అనుకుంటాడు, మరొకడు ఎదుటివాడు ఓటమి ఒప్పుకున్నాడనుకుంటాడు. చెయ్యి కలిపే ముందు ‘డ్రానా?’ అని నోటితో అడిగించండి.

ఆర్బిటర్‌ను పిలవాలంటే మా వాడికి భయం.

ఇంట్లోనే అలవాటు చేయండి. క్లాక్ మధ్య బటన్ నొక్కి ఆపడం, చెయ్యి ఎత్తడం, ‘సార్’ లేదా ‘మేడం’ అనడం, ఒక్క వాక్యంలో చెప్పడం: ‘రాజు చెక్‌లో ఉంది, తను గుర్రం ఆడాడు’. ఎదుటివాడితో వాదన వద్దు. ‘ఆట అయ్యాక చెప్తా’ అనుకుంటే పని జరగదు.

ఎత్తులు రాయాలా?

ర్యాపిడ్‌లో అక్కర్లేదు, క్లాసికల్‌లో తప్పనిసరి. ఎత్తు వేశాకే రాయాలి, ముందే రాసిపెట్టుకోవడం నిషేధం. ఎత్తుకు 30 సెకన్ల అదనం లేని ఆటల్లో, 5 నిమిషాల కన్నా తక్కువ మిగిలితే ఆ పీరియడ్‌లో రాయడం ఆపొచ్చు. 90+30లో ఆ వెసులుబాటు లేదు.

డ్రా ఎప్పుడు, ఎలా అడగాలి?

తన ఎత్తు వేసి, డ్రా అడిగి, అప్పుడు క్లాక్ నొక్కాలి. ఎదుటివారు ఆలోచిస్తుండగా మళ్లీ మళ్లీ అడగడం విసిగించడం కిందికి వస్తుంది. ఒకే స్థితి, అదే వంతుతో మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు, ఆ మూడూ వరుసగా రానక్కర్లేదు. కానీ ఆ క్లెయిమ్‌ను ఆర్బిటర్‌కే చెప్పాలి, తప్పయితే ఎదుటివారికి టైం కలుస్తుంది. ఇద్దరూ 50 ఎత్తుల చొప్పున బంటు కదలకుండా, ఏ పావూ చావకుండా ఆడితే అప్పుడూ అడగొచ్చు. ఒంటరి రాజును పట్టుకోలేక తిరుగుతున్న ఎదుటివాడి మీద ఇది పనికొస్తుంది.

ఫోన్ బ్యాగులో ఉంటే?

పిల్లల దగ్గర ఉంచకండి. ఒంటి మీద ఫోన్ గానీ స్మార్ట్‌వాచ్ గానీ దొరికితే ఆ గేమ్ ఓటమే, అందులో చెస్ యాప్ ఉందా లేదా అన్నది చూడరు. కొన్ని పోటీల్లో స్విచాఫ్ చేసి బ్యాగులో పెట్టుకోనిస్తారు, అది ప్రాస్పెక్టస్‌లో రాసి ఉండాలి.

కిటికీలోంచి చూస్తుంటే ఎదుటివాడు తప్పు ఆడటం కనిపించింది. చెప్పొచ్చా?

ఆర్బిటర్‌కు మాత్రమే. పాపకు సైగ చేసినా, దగ్గినా నష్టం పాపకే. ఆర్బిటర్ నిర్ణయం నచ్చకపోతే అప్పీల్ కమిటీ ఉంటుంది. గడువు, డిపాజిట్ వివరాలు ప్రాస్పెక్టస్‌లో చూడండి.

ఇద్దరికీ 5 పాయింట్లే. ఆ అమ్మాయికి కప్పు, మా వాడికి మెడల్ ఎందుకు?

టై-బ్రేక్ వల్ల. ఎక్కువగా వాడేది బుచోల్జ్: మీరు ఆడిన ప్రత్యర్థులందరూ చివరికి తెచ్చుకున్న పాయింట్ల మొత్తం. ఆరు రౌండ్ల పోటీలో మీ బాబు మొదటి రౌండ్ ఓడి, తర్వాత ఐదూ గెలిచాడనుకుందాం. ప్రత్యర్థుల పాయింట్లు 2, 3, 3, 3.5, 4, 4.5, మొత్తం 20. ఆ అమ్మాయి ఐదు గెలిచి చివరి రౌండ్‌లో విజేత చేతిలో ఓడింది. ఆమె ప్రత్యర్థులవి 3, 3.5, 4, 4.5, 5, 6, మొత్తం 26. ‘కట్-1’ అంటే అందులో అతి తక్కువదాన్ని తీసేయడం. అప్పుడు 18, 23. మొదట్లోనే ఓడినవాడికి తర్వాత తేలిక ప్రత్యర్థులు పడతారు, ఆ తేడానే ఈ అంకెల్లో కనిపిస్తుంది.

రేటింగ్ ఎప్పుడు వస్తుంది?

ఫిడేకు నమోదైన పోటీల్లోనే. మామూలు ఆదివారం పోటీలు ఎన్ని గెలిచినా లెక్కలోకి రావు. ర్యాపిడ్, క్లాసికల్ రేటింగులు వేర్వేరు. రేటింగ్ ఉన్నవారితో కనీసం 5 గేములు ఆడాలి, లెక్క 1400కు తగ్గకుండా రావాలి. 2024 మార్చి నుంచి కింది హద్దు అదే. అంతకు తక్కువైతే జాబితాలో పేరు ఎక్కదు. కొత్త జాబితా ప్రతి నెలా 1న వస్తుంది.

క్లాసికల్‌లో 18 ఏళ్ల లోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్నవారికి కె-ఫ్యాక్టర్ (ఒక గేమ్‌తో రేటింగ్ ఎంత మారగలదో తేల్చే అంకె) 40. అంటే 1500 ఉన్న పిల్లవాడు తనంతవాడిని గెలిస్తే 20 పెరుగుతుంది, ఓడితే 20 తగ్గుతుంది. 1700 వాడిని గెలిస్తే 30, ఓడితే పది లోపే పోతుంది. ఒక్క పోటీలో 100 పాయింట్లు ఊగడం ఈ వయసులో సహజం, స్క్రీన్‌షాట్లు తీసి బంధువుల గ్రూపులో పెట్టకండి.

ఓడి ఏడుస్తూ బయటికొస్తే?

నీళ్లు తాగించండి, బాత్రూంకు పంపండి. ‘ఎలా ఓడావు’ అని అడగొద్దు. అక్కడే ఫోన్ తీసి ఇంజిన్‌లో పెట్టి తప్పులు చూపించడం తర్వాతి రౌండ్‌ను కూడా పోగొడుతుంది. గేమ్ రాసి ఉంటే ఆ షీట్ దాచి, రెండు రోజులాగి కోచ్ ముందు తెరవండి. తర్వాతి పెయిరింగ్ ఎక్కేసరికి బోర్డు నంబరు, రంగు మీరే చూసి ఒక చీటీ మీద రాసి చేతిలో పెడితే, ఆ గుంపులో తోసుకుంటూ గోడ మీది కాగితం వెతికే తిప్పలు తప్పుతాయి.